నల్ల ఇంకు

నీలం ఇంకు చెల్లదన్నాడు కిటికీలో ఆయన.
మొన్న రాసిందంతా దండగ.
కొర్లగుంట సందులో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయినాక
మిషను బల్ల మీది జాకెట్టు ముక్కలు పక్కకు నెట్టి
మొదటి గడి నుంచి మొదలుపెట్టినాను.

భర్త పేరు, పెద్దక్షరాల్లో.
తవయోగరాసా అంటాడు ఆయన.
శిబిరం కార్డులో సగమే ఉండాది.
పెయింటు మేస్త్రీ చీటీలో వట్టి రాజు.
ముగ్గురికీ ఒకటే చొక్కా,
ఛాతీ ముప్పై తొమ్మిది, చేతులు కొంచెం పొడుగు.
నా కొలతల పుస్తకంలో తప్పు లేకుండా ఉండేది అదొక్కటే.

వచ్చిన తేదీ.
"అమావాస్య."
ఏ నెల?
"మా అమ్మ కమ్మలు తీసి పడవవాడికిచ్చిన నెల."
ప్రవేశించిన రేవు లేక విమానాశ్రయం.
నడుం లోతు నీళ్ళలో దింపి
అదుగో ఇండియా, నడవండి అన్నారంట.
తెల్లారేదాకా ఇసకదిబ్బ మీద పదకొండు మంది,
ఒకామె చంకలో కుట్టుమిషను తలకాయ.
ఇల్లు వదిలి, పళ్ళెం వదిలి, అది మోసుకొచ్చిందంట.
ఆ మాట చెప్పిన రోజే ఈ మనిషి నాకు నచ్చినాడు.

పాస్‌పోర్టు నంబరు దగ్గర గీత. వీసా దగ్గర గీత.
స్కేలు పెట్టి గీసినాను,
వంకరగా ఉంటే అబద్ధమనుకుంటారేమోనని.

పెళ్ళికి రుజువు.
రిజిస్ట్రారు ఆయన గుర్తింపు కార్డు అడిగినాడు,
గుర్తింపు కార్డు వాళ్ళు పెళ్ళి కాగితం అడిగినారు.
మిగిలింది లీలామహల్ దగ్గర స్టూడియో ఫోటో.
వెనక గుడ్డ మీద ఏదో దేశం మంచుకొండ,
దాని ముందర మేమిద్దరం,
ఆడా పర్మిషను లేకుండానే.

"అక్కా, ఇది ఇచ్చినాక
ఆయన ఉన్నట్టు వాళ్ళకు తెలిసిపోతాది గదా"
అన్నాడు జిరాక్సు కొట్టు గౌస్‌పీరు, చిల్లర లెక్కపెడతా.
ఆ రాత్రి ఫ్యాను తిరగతానే ఉండాది, నిద్ర లేదు.
ఇన్నేళ్ళూ యాడా రాయలేదు, కాబట్టి లేడు.
లేని మనిషిని ఎవరు పట్టకపోతారు?
ఇప్పుడు నా చేత్తో నేనే రాయాల,
ఇంటి నంబరు, వీధి,
దగ్గరలోని పోలీసు స్టేషను.

జాతర వారం మేలు.
మూతికి సున్నం, ఒంటికి వేపమండలు,
మగోడు చీర కట్టి నడిబజారులో తిడతా పోతాడు.
ఎవరు నువ్వని అడిగేవాడు లేడు.
పోయిన ఏడు ఆయనా బైరాగి వేషం కట్టినాడు.
బందోబస్తు పోలీసు ఒకడు ఎదురొచ్చి దండం పెట్టినాడు.
ఇంటికొచ్చి నామం కడుక్కుంటా చానాసేపు నవ్వినాడు,
తర్వాత అన్నం తినలేదు.

పిల్లదాన్ని బడిలో నాయన ఆధార్ తెమ్మన్నారు.
అది రెండు రోజులు తెస్తా తెస్తా అని చెప్పి
మూడో రోజు కడుపునొప్పి అన్నింది.
అందుకే రాస్తా ఉండా.

జాకెట్టు కుట్టేటప్పుడు
లోపల రెండంగుళాల గుడ్డ వదుల్తాను,
రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి.
ఈ కాగితం కత్తిరించినోళ్ళు
అట్టా ఏమీ వదల్లేదు.
గడికి ఆనుకునే గడి.

చివరి పేజీ.
శిబిరానికి తిరిగి వెళ్ళకపోవడానికి కారణం.
పది రోజుల పని మీద మా ఎదురింటికి రంగు వేయడానికొచ్చినాడు,
పదకొండో రోజు కూడా నిచ్చెన తీయలేదు.
"మిషను చప్పుడు కోసం అని రాయి రాణీ" అన్నాడు.
నవ్వలేదు. నేల మీద కూర్చోని
గోళ్ళలో రంగు గీక్కుంటా అన్నాడు.

పెన్ను కాసేపు పట్టుకోని
'కూలి పనుల నిమిత్తం' అని అర్థమొచ్చేటట్టు
ఇంగ్లీషులో రాసినాను, పదో తరగతి ఇంగ్లీషు.
ఆయనకు ఆ అక్షరాలు రావు.

"రాసినావా?"
"రాసినా."
"నేను చెప్పిందే గదా?"
నేను తలూపినాను.

వాళ్ళ ఊళ్ళో అవుననడానికి ఓం అంటారు.
కొత్తలో మంత్రమనుకోని చేతులు జోడించేదాన్ని.
"ఓం" అన్నాడు,
బొటనవేలికి ఇంకు పూసుకోవడానికి
చెయ్యి చాపినాడు.